నీ వారం ఏది బిడ్డా

మొన్న హనుమకొండ చౌరస్తా దగ్గర మందుల షాపులో విటమిన్ డి గోలీలు కొంటున్నాను. కౌంటరులో ఉన్నాయన షీటును కవరులో వేస్తూ, వారానికి ఒకటే మేడం అన్నాడు. ఏ వారం అని నా నోటి నుంచి వచ్చేసింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఏ వారమైనా ఒకటే అన్నాడు. కవరు తీసుకొని బయటికి వచ్చాను గానీ స్కూటీ తాళం చేతిలో పట్టుకొని కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆ ప్రశ్న నాది కాదు. అడిగే మనిషి పోయి నెల దాటింది. పోయిందన్న సంగతి నాకు తెలిసి వారమే అయింది.

అందరూ ఆమెను నర్సమ్మ అనేవాళ్ళు. పేరు పెట్టి పిలిచిన వాళ్ళను నేను చూడలేదు, డాక్టరు గారితో సహా. సర్కారు దవాఖానాలో ముప్పై ఏళ్ళకు పైగా చేసి రిటైరై, ఇంట్లో కూర్చోలేక, మేము వెళ్ళే అలర్జీ క్లినిక్కులో చేరిందట. కాజీపేట నుంచి బస్సులో వచ్చేది. సన్నంచు తెల్లచీర, మెడలో నల్లదారానికి చిన్న సిలువ, చేతికి మగవాళ్ళు పెట్టుకునే పెద్ద గడియారం. గడియారం ఉందన్న మాటే గానీ దానివైపు చూసేది కాదు.

చర్మం మీద పరీక్ష చేయడం అక్కడ ఆమె పని. మోచేతి లోపలి వైపు తుడిచి, నీలం పెన్నుతో గళ్ళు గీసి, గడికో అంకె వేసేది. ఒక్కో గడిలో ఒక్కో మందు చుక్క. ఒకటి దుమ్ములో ఉండే పురుగుది, ఒకటి బొద్దింకది, ఒకటి వయ్యారిభామ కలుపుమొక్క పుప్పొడిది. చుక్క మీద సన్నటి సూదితో ఒక పోటు. తర్వాత పావుగంట చెయ్యి కదపకుండా కూర్చోవాలి. పడని వస్తువు దగ్గర దద్దు లేస్తుంది, చచ్చేంత దురద పెడుతుంది, కానీ గీకకూడదు. ఆ పావుగంటా నర్సమ్మ పక్కనే నిలబడి, భుజానికున్న గుడ్డసంచిలో ఒక చెయ్యి పెట్టుకునేది. సంచిలో జపమాల ఉండేది. ఒక జపమాల చెప్పుకుంటే సరిగ్గా పావుగంట అవుతుందని ఆమె లెక్క. నేను నమ్మకుండా రెండుసార్లు ఫోనులో టైము పెట్టి చూశాను. ఒకసారి అరనిమిషం తేడా వచ్చింది. అది కూడా ఎవరో పెద్దమనిషి చెయ్యి గీక్కోబోతే మధ్యలో ఆపి ఆయన్ను కసిరినందుకు.

"గీకితే నష్టం నీకే. సూది నా దగ్గర ఇంకోటి ఉన్నది" అనేది. తహసీల్దారైనా ఒకటే, తాపీమేస్త్రీ అయినా ఒకటే.

పదకొండు గంటలకు ఆమె కనిపించేది కాదు. క్లినిక్కు మొదటి అంతస్తులో ఉండేది, వెనకవైపు డాబా మీదికి ఇనుప మెట్లు. ఆ మెట్ల మీద కూర్చొని, చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి తీసి, రెండు చేతులూ ఒళ్ళో బోర్లా పెట్టుకొని ఇరవై నిమిషాలు ఎండలో ఉండేది. ఏప్రిల్లో కూడా. మేము లోపల ఫ్యాను కింద కూర్చొని ఈమె ఎప్పుడొస్తుందా అని గొణుక్కునేవాళ్ళం. దేవుడు ఉత్తగనే ఇస్తాండు, మనమే నీడకు ఉరుకుతానం అని ఆమె వాదన. ఇంత ఎండ కాసే ఊళ్ళో జనానికి ఎండ విటమిను తక్కువ ఉండటమేమిటని ఆమెకు ఒళ్ళుమంట. ఒకసారి డాక్టరు గారు సరదాకు ఆమె రక్తం కూడా పరీక్షకు పంపారట. అందరికంటే ఆమెకే తక్కువ వచ్చింది. ఇన్నేళ్ళు మెట్ల మీద కూర్చున్నందుకు నల్లబడటం ఒక్కటే మిగిలిందని తనే అందరికీ చెప్పి నవ్వేది. మెట్ల మీద కూర్చోవడం మాత్రం మానలేదు.

నాకు ఆమె మొదట్లో నచ్చలేదు. దాచుకోవడం ఎందుకు, సగం రోజులు కోపంగానే ఉండేది. ఆరేళ్ళ కింద మా అమ్మాయిని తీసుకొని ఆ మెట్లెక్కాను. అప్పుడది ఐదో తరగతి. పొద్దున లేస్తే ఇరవై తుమ్ములు, చలికాలం వస్తే పిల్లికూతలు, పరుగెత్తితే ఆయాసం. నేను బడిలో పంతులమ్మను. ముప్పై మంది పిల్లలను గుప్పిట్లో పెట్టుకోగలను గానీ నా పిల్ల ఎగశ్వాస తీస్తుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. పరీక్షలో దుమ్ము పురుగు గడిలో పెద్ద దద్దు లేచింది. రక్తంలో విటమిన్ డి బాగా తక్కువని తేలింది.

డాక్టరు గారు రెండు రాశారు. పొద్దున, సాయంత్రం పీల్చడానికి ఒక పంపు. వారానికి ఒక విటమిన్ గోలీ, ఎనిమిది వారాలు. ఆయన ఓపికగానే చెప్పారు. విటమిన్ తక్కువుంది కాబట్టి నింపుతున్నాం, అది ఎముకలకు కావాలి. తక్కువ ఉన్నవాళ్ళకు అలర్జీలో కూడా కొంత మేలు చేస్తుందేమోనని కొందరు అంటున్నారు గానీ ఇంకా ఖాయంగా తేలలేదు. ఆయాసానికి మందు మాత్రం పంపే. నేను తలూపాను. ఆయన చెప్పిన దాంట్లో నా చెవికెక్కింది మాత్రం మధ్యలో మాట ఒక్కటే.

బయటికొస్తుంటే నర్సమ్మ గోలీల షీటు అందుకుంది. "నీ వారం ఏది బిడ్డా?" అంది.

నాకు చర్రున కోపమొచ్చింది. మందుకూ నా పూజలకూ ఏం సంబంధం, పైగా సిలువ వేసుకున్న ఈమెకు నా వారంతో పనేమిటి అనుకున్నాను. ముఖం చూసి పసిగట్టిందేమో, కూర్చోబెట్టి చెప్పింది. అంతకు ముందు ములుగు అవతలి నుంచి ఒక రైతు వచ్చేవాడట. ఇదే గోలీ రాశారు. వారానికి ఒకటంటే రెండు నెలలు పడుతుంది, పత్తి ఏరే నాటికి ఒంట్లో సత్తువ కావాలి గదా అని ఆయన రోజుకొకటి మింగాడు. షీటు అయిపోతే ఇంకో షీటు కొన్నాడు. మూడు నెలలకు వాంతులు, నోరు ఎండుకుపోవడం, మనిషి సగమై దవాఖానాలో పడ్డాడు. బతికాడు గానీ కిడ్నీలకు దెబ్బ తగిలింది. వారానికి ఒకటి అంటే జనానికి గుర్తుండదు, ఎవరి వారం వాళ్ళకు గుర్తుంటుంది, అందుకే అడుగుతున్నానని చెప్పింది. తన వారం ఆదివారం, పొద్దున చర్చిలో పూజకు పోయే ముందు వేసుకుంటుంది. సోమవారం వాళ్ళకు సోమ, సాయిబాబా గుడికి పోయేవాళ్ళకు గురు, నమాజు చదివే వాళ్ళకు జుమ్మా. మాది శనివారం అన్నాను. షీటు వెనక ప్రతి గోలీ దగ్గరా నీలం పెన్నుతో శని, శని, శని అని ఎనిమిదిసార్లు రాసిచ్చింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కోపం కొంచెం తగ్గింది.

మేము శ్రద్ధగా వేసుకున్నాం. నాకూ తక్కువే ఉందని తేలింది కాబట్టి ఇద్దరమూ. శనివారం తలస్నానం చేసి, దీపం పెట్టి, దేవుడి ముందు కూర్చొని తీర్థంతో పాటు గోలీ మింగేవాళ్ళం. ఆ రోజు నాకు ఒక్కపొద్దు. మా అమ్మాయి కూడా నాతో పోటీపడి సాయంత్రం దాకా రెండు అరటిపండ్లతో గడిపేది. గోలీ కూడా వ్రతంలో భాగమైపోయింది.

దసరా సెలవుల తర్వాత అమ్మాయికి తుమ్ములు తగ్గాయి. పిల్లికూతలు లేవు. నేను ఫోనులో వచ్చే వీడియోలన్నీ చూశాను. రోగాలన్నిటికీ మూలం ఈ విటమినేనని, ఇది నిండితే పంపులూ గింపులూ అక్కర్లేదని ఒకాయన తెల్లకోటు వేసుకొని ఘంటాపథంగా చెబుతున్నాడు. స్టాఫ్‌రూములో ఒకావిడ, ఆడపిల్లకు పంపు అలవాటు చేస్తే జన్మలో వదలదు అంది. ఆ మాట నన్ను పట్టుకుంది. ఒక సోమవారం నుంచి పంపు ఆపేశాను. డాక్టరును అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు, అందుకే అడగలేదు. పిల్ల ఎందుకమ్మా అంటే, నీకు నయమైందిలే అన్నాను. ఎవరికీ చెప్పకని కూడా అన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఐదు వారాలు ఏమీ కాలేదు. స్టాఫ్‌రూములో గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆరో వారం బడి పిల్లలను ఖిలా వరంగల్ తీసుకుపోయారు. రాతి స్తంభాల మధ్య దొంగా పోలీసు ఆడారట. ఎవరో ఊడుస్తున్న దుమ్ములో మా అమ్మాయి పరుగెత్తింది. టీచరు ఫోను చేసేసరికి దానికి మాట రావడం లేదు. నేను ఆటోలో ఎట్లా వెళ్ళానో, ఎట్లా క్లినిక్కుకు తెచ్చానో గుర్తులేదు. పెదవుల రంగు ఒక్కటే గుర్తుంది.

నర్సమ్మ నన్నేమీ అడగలేదు. పిల్లను పరదా వెనక్కి తీసుకుపోయి, ముఖానికి మాస్కు పెట్టి, మిషను ఆన్ చేసింది. ఒక చీటీ నా చేతిలో పెట్టి కింద మందుల షాపుకు పంపింది. నేను తిరిగి వచ్చేసరికి పిల్ల ముఖంలో రంగు వచ్చింది. నర్సమ్మ దాని వీపు మీద చెయ్యేసి రాస్తోంది. ఇంకో చెయ్యి సంచిలోనే ఉంది.

డాక్టరు గారు లోపలికి పిలిచారు. ఛాతీ మీద గొట్టం పెట్టి విని, పంపు రోజూ రెండుపూటలా వాడుతున్నారా అని అడిగారు.

వాడుతున్నాం సార్ అన్నాను.

నా నోట్లోంచి అంత సాఫీగా ఎట్లా వచ్చిందో తెలియదు. అమ్మాయి బల్ల మీద కూర్చొని కాళ్ళ వైపు చూసుకుంటోంది. వాడుతున్నా ఇంత ఆయాసం వచ్చిందంటే డోసు సరిపోవడం లేదు, పెంచాలి, కొన్నాళ్ళు స్టెరాయిడ్ గోలీలు కూడా ఇవ్వాలి అంటూ ఆయన పెన్ను తీశారు. అప్పటికీ నిజం చెప్పలేదు. రెండు రోజుల ముందే వచ్చిన విటమిన్ రిపోర్టు నా బ్యాగులో ఉంది. మాట మార్చడానికన్నట్టు అది తీసి బల్ల మీద పెట్టాను. ఆయన చూసి ఆశ్చర్యపోయారు. ఎనిమిది వారాలు వేసుకున్నా ఎక్కడిదక్కడే ఉంది. ఇంజెక్షన్ వేద్దామా అని తనలో తను అనుకుంటున్నారు.

తలుపు దగ్గర నిలబడిన నర్సమ్మ, గోలీ ఎట్ల వేసుకున్నారు బిడ్డా అని అడిగింది. చెప్పాను. శనివారం, స్నానం, దీపం, తీర్థం, సాయంత్రం దాకా ఒక్కపొద్దు.

తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద ఏడెనిమిది మంది కూర్చొని ఉన్నారు. వాళ్ళకు వినపడుతుందని ఆమెకు తెలుసు.

"సార్, తప్పు నాది" అంది. "ఆ గోలీ నూనో నెయ్యో పాలో ఉన్న తిండితోని తింటెనే ఒంటికి పడ్తది. నేను అందరిని వారం అడిగి రాసిచ్చిన. వారమంటె ఒక్కపొద్దు గదా. పరగడుపున మింగమని నేనే రాసిచ్చినట్టయింది. నేను గూడ పూజకు ముందు పరగడుపునే మింగిన. నాదీ అందుకే పెరగలే."

డాక్టరు గారు పరవాలేదన్నారు. ఆమె ఒప్పుకోలేదు. పరవా ఎందుకు లేదు సార్, రెండేళ్ళ నుంచి ఎంతమందికి రాసిచ్చిన్నో అంది. గొంతులో ఏడుపేమీ లేదు. బస్సు నంబరు తప్పు చెప్పినామె సరిచేసి చెప్పినట్టు చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇంకేమన్న ఉన్నదా బిడ్డా చెప్పేది?"

మామూలుగా అడిగిందనుకున్నాను. కానీ ఆ వయసు మనిషి, బెంచీ మీద వాళ్ళందరూ వింటుండగా తప్పు నాదని అన్న తర్వాత నేను అక్కడ అబద్ధంతో కూర్చోలేకపోయాను. పంపు ఆపేసి ఆరు వారాలైంది సార్, నేనే ఆపాను, వాడుతున్నామని ఇందాక అబద్ధం చెప్పాను అన్నాను. చెబుతూ ఏడ్చాను. డాక్టరు గారు రాసిన రెండు లైన్లూ కొట్టేశారు. గట్టిగా ఏమీ అనలేదు. పాత పంపు, పాత డోసు, ఇవాళ్టి నుంచే మొదలు, వారం తర్వాత చూపించండి అన్నారు. గోలీ ఎముకలకు, పంపు ఊపిరికి, కలపకున్రి అని నర్సమ్మ బయటికి వస్తూ అంది. అంతే. తర్వాత ఎన్నడూ ఆ సంగతి ఎత్తి నన్ను దెప్పలేదు. నేనే ఎదురుచూశాను, ఎప్పుడు దెప్పుతుందా అని.

మరుసటి వారం వెళ్ళేసరికి ఆమె మెట్ల మీద లేదు. పదకొండు దాటింది. లోపల మూలబల్ల దగ్గర రిజిస్టరు ముందేసుకొని, పేర్ల కింద స్కేలు పెట్టుకుంటూ, ఒక్కొక్కరికీ ఫోను చేస్తోంది. నేను నర్సమ్మను, మీకు గోలీ తప్పు చెప్పిన, ఒక్కపొద్దు నాడు వద్దు, మరునాడు అన్నం తిన్నంక వేసుకోండి, ఒకసారి వచ్చి పరీక్ష చేయించుకోండి. ఇదే పాట. కొందరు ఆమె మీద ఎగిరారు. ఇన్నాళ్ళు మింగింది వేస్టేనా అని ఒకాయన అరవడం ఫోను బయటికే వినిపించింది. శానావరకు వేస్టే, నాదే తప్పు అని ఆమె ఒప్పేసుకుంది. పాలకుర్తి నుంచి ఒక ముసలామెకు వేరే చిక్కొచ్చింది. మొదలుపెట్టిన సోమవారం ఇప్పుడు మంగళవారానికి మారిస్తే దేవునికి కోపం రాదా అని ఆమె భయం.

"మీ దేవునికి నేను చెప్పుకుంట అవ్వా. నువ్వైతే పాలన్నం తిని ఏస్కో" అంది నర్సమ్మ.

అలా ఎన్ని రోజులు చేసిందో నాకు తెలియదు. నేను వెళ్ళిన నాలుగైదుసార్లూ ఆ రిజిస్టరు తెరిచే ఉంది. ఫోను ఎత్తని వాళ్ళ పేర్ల పక్కన చుక్క పెట్టుకుంది. అందులో ఒకరిద్దరి ఇళ్ళకు ఆదివారం బస్సెక్కి పోయిందని తర్వాత డాక్టరు గారు చెప్పారు. అప్పటి నుంచి కూడా వారం అడగడం మానలేదు. అడిగి, దాని మరునాడు రాసిచ్చేది. మా షీటు మీద ఆది అని రాసింది. ఇక మనిద్దరిదీ ఒకటే వారం అని నవ్వింది.

ఆదివారం పప్పూ నెయ్యీ అన్నం తిని వేసుకుంటే రెండు నెలల్లో ఇద్దరికీ విటమిన్ నిండింది. అమ్మాయి తుమ్ములు మాత్రం దానితో పోలేదు. దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికాం, బొమ్మలు తీసేశాం, పంపు మానలేదు. మూడేళ్ళకు పంపు చలికాలానికి మాత్రమే పరిమితమైంది. మేము క్లినిక్కుకు వెళ్ళడం తగ్గింది. ఏడాదికోసారి కనిపిస్తే ఏం బిడ్డా, ఊపిరి ఎట్లున్నది అని అమ్మాయిని అడిగేది, నన్ను కాదు. మోకాళ్ళ నొప్పులతో నర్సమ్మ మానేసిందని విన్నాను. చూసి రావాలనుకున్నాను. కాజీపేట ఎంత దూరం, ఏడెనిమిది కిలోమీటర్లు. పోలేదు.

పోయిన వారం రిపోర్టు కోసం క్లినిక్కుకు వెళితే ఆమె బల్ల దగ్గర వేరే అమ్మాయి గళ్ళు గీస్తోంది. అడిగితే చెప్పింది. వానల్లో జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయిందట. సమాధి చేయడం, ప్రార్థనలు, అన్నీ అయిపోయాయి.

ఇంటికొచ్చి మా అమ్మాయికి చెప్పాను. ఇంటర్ చదువుతోంది ఇప్పుడు. పుస్తకం మూసింది. తర్వాత అడిగింది, ఖిలా నుంచి నన్ను తీసుకుపోయిన రోజు నీకు గుర్తుందా అని. ఎందుకు గుర్తులేదు అన్నాను.

"నువ్వు మందుల షాపుకు పోయినప్పుడు నేను నర్సమ్మకు చెప్పిన. అమ్మ పంపు ఆపిందని. నేను చెప్పిన్నని అమ్మకు చెప్పకు అన్న. ఆమె నా వీపు రాసుకుంట, మీ అమ్మ చెప్తది, జర ఆగు అన్నది. చెప్పకపోతే అని అడిగిన. చెప్తది బిడ్డా, నాకెర్కే అన్నది."

ఆ రోజు నోరు తెరిచేదాకా చెబుతానో లేదో నాకే తెలియదు.